గుర్రం ముక్కుకు ముసుగు

ఎద్దు మూతికి చిక్కం కడతాం. ఎందుకు కడతాం? గుంటక తోలేటప్పుడు పక్క సాలులో పైరు కొరక్కుండా కడతాం. దూడ మూతికీ కడతాం. మట్టి తినకుండా కడతాం. ఇది మనందరికీ తెలిసిన పనే.

గుర్రం మూతికి కూడా ఒకప్పుడు ఒక సంచి కట్టారు. మేత మానిపించడానికి కాదు, దాని ఊపిరి నిలపడానికి. ఆ సంచిని మందునీళ్లలో ముంచేవారు. విషపు గాలి వచ్చినప్పుడు గబగబా ముక్కుకు తొడిగేవారు. ఈ పాఠంలో ఆ సంచి కథ తెలుసుకుందాం.

యుద్ధంలో గుర్రానికేం పని?

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. 1918 నవంబరు దాకా సాగింది. ఒకవైపు జర్మనీ, దాని మిత్రులు. ఇంకోవైపు బ్రిటన్, ఫ్రాన్సు, వాటి మిత్రులు. అప్పుడు మన దేశం బ్రిటిషువాళ్ల పాలనలో ఉంది. అందుకని మనవాళ్లు కూడా లక్షల మంది ఆ యుద్ధానికి వెళ్లాల్సి వచ్చింది.

అప్పటికి లారీలు వచ్చాయి. కానీ కొద్దిగానే ఉండేవి. బురదలో దిగబడిపోయేవి. ఫిరంగిని లాగాలంటే గుర్రాలే దిక్కు. ఒక్క మామూలు ఫిరంగికి ఆరు గుర్రాలు కట్టేవారు. తిండి, మందుగుండు, గాయపడ్డ మనుషులు, అన్నీ గుర్రాల మీదా కంచర గాడిదల మీదా కదలాల్సిందే.

యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్ సైన్యం దగ్గర 25 వేల గుర్రాలే ఉన్నాయి. రెండు వారాలు తిరక్కుండానే ఇంకో లక్షకు పైగా గుర్రాలను జనం దగ్గర నుంచి తీసుకున్నారు. పొలం దున్నే గుర్రం, పాలబండి లాగే గుర్రం, పిల్లలు ముద్దుగా పెంచుకున్న గుర్రం, ఏదీ మిగల్లేదు. ఇంటివాళ్లు కళ్లనీళ్లతో పంపించారు.

హైదరాబాదు సంస్థానం నుంచి కూడా ఒక గుర్రపు దళం వెళ్లింది. దాని పేరు హైదరాబాద్ ల్యాన్సర్స్. వాళ్లు ఈజిప్టు, పాలస్తీనా వైపు పనిచేశారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అనే చోట ముగ్గురు సిపాయిల విగ్రహాలు ఉన్నాయి. అవి హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ దళాల గుర్తుగా పెట్టినవి.

ఇనుప కవచాల కాలం

యుద్ధంలో గుర్రాన్ని కాపాడాలన్న ఆలోచన కొత్తది కాదు. కత్తులు, ఈటెలు, బాణాల కాలంలో గుర్రానికీ కవచం తొడిగేవారు. నొసటికి లోహపు పలక. మెడకు, రొమ్ముకు ఇనుప గొలుసుల అల్లిక. కొన్నిచోట్ల తోలు, మందపాటి బొంత గుడ్డ.

1520 ప్రాంతంలో డొమింగో పాయస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం వచ్చాడు. అప్పుడు శ్రీకృష్ణదేవరాయలు రాజు. రాయలవారి గుర్రాల నొసటికి పలకలు కట్టి ఉన్నాయని పాయస్ రాశాడు. కొన్ని వెండివి, ఎక్కువ బంగారు పూత పూసినవి అని కూడా రాశాడు. అవి ఊరేగింపు కోసం అలంకరించిన గుర్రాలు.

తుపాకులు, ఫిరంగులు వచ్చాక ఇనుప కవచం పనికి రాకుండా పోయింది. గుండును ఆపాలంటే ఇనుము చాలా మందంగా ఉండాలి. అంత బరువు మోస్తే గుర్రం పరుగెత్తలేదు. అందుకని కవచాలు మూలకు చేరాయి. నాలుగు వందల ఏళ్ల తర్వాత గుర్రానికి కొత్త రకం రక్షణ కావలసి వచ్చింది. ఈసారి శత్రువు గాలిలో వచ్చింది.

విషపు గాలి

1915 ఏప్రిల్ 22. బెల్జియం దేశంలో ఈప్ర్ అనే ఊరి దగ్గర సాయంకాలం. జర్మనీ సైన్యం అయిదు వేలకు పైగా సిలిండర్ల మూతలు తిప్పింది. పచ్చగా, పసుపుగా ఒక పొగ లేచింది. గాలి ఎటు వీస్తే అటు నేల మీద పాకుతూ వచ్చింది. అది క్లోరిన్ అనే వాయువు.

క్లోరిన్ వాసన మనకు తెలియనిది కాదు. బావిలో బ్లీచింగ్ పౌడర్ చల్లినప్పుడు ఘాటుగా ముక్కుకు తగులుతుంది చూడండి, అదే. నీళ్లలో కొద్దిగా వేస్తే రోగాల పురుగులను చంపుతుంది. గాలిలో ఎక్కువైతే మనిషినే చంపుతుంది. ఊపిరితిత్తుల్లో తడి ఉంటుంది. క్లోరిన్ ఆ తడితో కలిస్తే ఆమ్లం పుడుతుంది. అది లోపలి పొరను కాలుస్తుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మనిషి గట్టు మీదే ఉంటాడు గానీ నీళ్లలో మునిగినట్టు అల్లాడిపోతాడు.

క్లోరిన్ గాలికన్నా బరువు. అందుకని పల్లానికి దిగుతుంది. సిపాయిలు దాక్కున్న కందకాల్లోకి నీరు పారినట్టు పారింది. మనుషులు లేచి పరుగెత్తారు. మరి గుర్రాలు? గుంజకు కట్టినవి ఎక్కడికి పోతాయి? బండికి పూన్చినవి ఎక్కడికి పోతాయి?

మొదటి ముసుగులు

ముందు మనుషులకు ముసుగులు కావాలి. వారం తిరక్కుండానే బ్రిటన్‌లో పత్రికల ద్వారా ఆడవాళ్లకు పిలుపు వచ్చింది. దూది, గుడ్డ కలిపి ముక్కుకు కట్టే మెత్తలు కుట్టి పంపమన్నారు. ఇళ్లలో ఆడవాళ్లు ఉన్న పని పక్కన పెట్టి కూర్చున్నారు. వేల కొద్దీ మెత్తలు కుట్టారు. ఎవరి కొడుకో, ఎవరి తమ్ముడో బతుకుతాడని ఆశ.

కానీ ఆ మెత్తలు పని చేయలేదు. పొడిగా ఉంటే దూదిలోంచి విషవాయువు లోపలికి పోయింది. తడిపితే దూది ముద్దకట్టి గాలే ఆడలేదు. కుట్టినవాళ్ల తప్పు లేదు. చెప్పినవాళ్లకు తెలియలేదు.

తర్వాత శాస్త్రం తెలిసినవాళ్లు కూర్చుని ఆలోచించారు. గుడ్డ దుమ్మును ఆపుతుంది. వాయువును ఆపలేదు. వాయువును ఆపాలంటే దాన్ని విరిచే మందు ఆ గుడ్డలో ఉండాలి. బట్టల సోడా, ఫోటోలు కడిగే హైపో లాంటివి కలిపిన నీళ్లలో గుడ్డను నానబెట్టారు. గాలి ఆడేలా పలచని గుడ్డ వాడారు. అప్పుడు పని చేసింది.

గుర్రం ఊపిరి తీరు వేరు

మనిషి ముసుగును పెద్దది చేసి గుర్రానికి కడితే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో చూద్దాం.

ఎండలో ఎద్దు నోరు తెరిచి రొప్పడం మనం చూస్తాం. గుర్రం అలా చేయలేదు. గుర్రం ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. దాని గొంతు నిర్మాణమే అంత. అంటే గుర్రానికి ముక్కు కప్పితే చాలు. నోరు కప్పనవసరం లేదు. కళ్లెం అలాగే ఉంచవచ్చు. ముసుగు చేసేవాళ్లకు ఇది కలిసొచ్చింది.

కష్టం కూడా ఉంది. మనిషి ఊరకే కూర్చున్నప్పుడు ఒక్క ఊపిరికి అర లీటరు గాలి పీలుస్తాడు. గుర్రం నిలబడి ఉన్నప్పుడే దానికి పది రెట్లు, అంటే సుమారు అయిదు లీటర్లు పీలుస్తుంది. పరుగెత్తితే ఇంకా ఎక్కువ. అంత గాలి గుడ్డలోంచి రావాలంటే గుడ్డ వెడల్పుగా, సంచిలా ఉండాలి. ఇరుకైతే విషం తగలకపోయినా ఊపిరాడక చస్తుంది.

ముసుగు ఎట్లా చేశారు?

బ్రిటన్ సైన్యం చేసిన ముసుగు ఇట్లా ఉండేది.

మెత్తని నూలు ఫ్లానెల్ గుడ్డ రెండు పొరలుగా కుట్టిన సంచి. దాన్ని మందునీళ్లలో ముంచి తీసేవారు. సంచి మూతికి సాగే పట్టీ. ముక్కు మీదికి లాగితే ముఖానికి అంటుకుని ఉంటుంది. పక్క నుంచి గాలి దూరదు. లోపల పళ్లు తగిలే చోట గట్టి కాన్వాసు ముక్క. గుర్రం నమిలితే సంచి చిరగకుండా అది అడ్డం. వాడనప్పుడు ముసుగును మడిచి చిన్న తిత్తిలో పెట్టి గుర్రం తల పట్టెడకే తగిలించేవారు. వెతుక్కునే పని లేదు.

ఈ ముసుగు కళ్లను కప్పేది కాదు. అలాంటి వాయువులను గుర్రం కళ్లు మనిషి కళ్లకన్నా బాగా తట్టుకుంటాయని అప్పటివాళ్లు అనుకున్నారు. కొన్ని సైన్యాలు గుర్రాలకు కళ్లద్దాలు కూడా చేసి చూశాయి.

జర్మనీ, ఫ్రాన్సు కూడా తమ గుర్రాలకు ముసుగులు చేశాయి. అమెరికా 1917లో యుద్ధంలోకి దిగింది. ఆ దేశంలో మూడు లక్షలకు పైగా గుర్రపు ముసుగులు తయారయ్యాయి. కుక్కలకూ ముసుగులు చేశారు. ఉత్తరాలు మోసే పావురాల గూళ్లకు మందు గుడ్డ తొడుగులు కప్పారు.

కట్టే చేతికి తెలియాలి

ముసుగు ఉంటే సరిపోదు. దాన్ని తొడగడం తెలియాలి. తొడిగించుకోవడం గుర్రానికీ అలవాటు కావాలి.

గుర్రం పిరికిది. ముక్కు మీద కొత్త వస్తువు పడితే బెదురుతుంది. తల విదిలిస్తుంది. వెనక్కి లేస్తుంది. చుట్టూ గుండ్లు పేలుతుంటే చెప్పనక్కర్లేదు. అందుకని గ్యాసు లేని రోజుల్లోనే తొడిగి, తీసి అలవాటు చేసేవారు. మెడ నిమిరి, మాట చెప్పి, మెల్లగా తొడగాలి.

ఇంకో చిక్కు. గుర్రాలకు దాణా కూడా సంచిలోనే పోసి మూతికి కడతారు. మూతికి సంచి వచ్చిందంటే దాణా వచ్చిందనుకునేవి కొన్ని. పాపం, వాటికేం తెలుసు? ముసుగును కొరికి నమిలేసేవి. కాన్వాసు ముక్క అందుకే పెట్టారు. అయినా చిరిగినవి చిరిగాయి. కాబట్టి తొడిగాక కూడా మనిషి దగ్గరుండి చూడాలి.

ఒక నియమం గట్టిగా పెట్టారు. ముందు మనిషి తన ముసుగు తొడుక్కోవాలి. ఆ తర్వాతే గుర్రానికి తొడగాలి. ఇది కఠినంగా కనిపిస్తుంది. కానీ మనిషి పడిపోతే గుర్రానికి తొడిగేదెవరు?

ముసుగు తొడిగిన గుర్రాన్ని దౌడు తీయించకూడదు. గుడ్డలోంచి అంత గాలి రాదు. నడిపించుకునే పోవాలి.

ముసుగుకు అందనివి

1917 జూలైలో ఇంకో విషం వచ్చింది. పేరు మస్టర్డ్ గ్యాస్. మస్టర్డ్ అంటే ఆవాలు. వాసన కొంచెం అలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఆవాలతో దానికి సంబంధం లేదు. అది నిజానికి నూనె లాంటి ద్రవం. నేల మీద, గడ్డి మీద, చెట్ల ఆకుల మీద రోజుల తరబడి ఉంటుంది. తగిలిన చోటల్లా చర్మం బొబ్బలెక్కుతుంది.

ముక్కుకు ముసుగు ఉంది. కాళ్లకు ఏది? పొట్టకు ఏది? విషం పడిన నేల మీద నడిస్తే కాళ్లు కాలాయి. అక్కడ పడుకుంటే పొట్ట కాలింది. ఆ గడ్డి తింటే నోరు, పేగు పుండయ్యాయి. అందుకని విషం పడిన చోట గుర్రాలను మేపవద్దని, కట్టవద్దని ఆజ్ఞలు వేశారు. నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లారు. విషాన్ని విరవడానికి ఇక్కడ అదే మందయింది.

ఒక సంగతి కూడా చెప్పుకోవాలి. బ్రిటన్ సైన్యం లెక్కల్లో గ్యాసు వల్ల చచ్చిన గుర్రాలు వందల్లోనే ఉన్నాయి. గుండ్లు తగిలి చచ్చినవి వేలల్లో ఉన్నాయి. వాటన్నిటికన్నా ఎక్కువగా చచ్చినవి రోగంతో, ఆకలితో, చలితో, అలసటతో.

గజ్జి సంగతి చూడండి. గుర్రాలకు గజ్జి పట్టకుండా చలికాలంలో వెంట్రుకలు కత్తిరించేవారు. మందు రాయడానికి వీలుగా ఉంటుందని ఆలోచన. కానీ ఆ వెంట్రుకలే గుర్రానికి దుప్పటి. 1917 మొదట్లో చలి, మంచు, వాన ఒక్కసారి విరుచుకుపడ్డాయి. దాణా కూడా తగ్గింది. బోడి ఒంటితో బురదలో నిలబడి ఎన్నో గుర్రాలు పడిపోయాయి. ఆ తర్వాత కత్తిరించే పద్ధతి మార్చుకున్నారు. ఒక ఆపదకు చేసిన రక్షణ ఇంకో ఆపదకు దారి తీసిందన్నమాట.

గాయపడ్డవాటికి వైద్యం కూడా చేశారు. ఫ్రాన్సులో బ్రిటన్ సైన్యం నడిపిన పశువుల ఆస్పత్రులకు 7 లక్షలకు పైగా జంతువులు వచ్చాయి. దాదాపు నాలుగింట మూడు వంతులు కోలుకున్నాయి. కోలుకున్నవాటిని మళ్లీ యుద్ధానికే పంపారు.

యుద్ధం మొత్తం మీద అన్ని దేశాలవీ కలిపి సుమారు 80 లక్షల గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు చనిపోయాయని అంచనా. ఎవరితో పగో, ఎందుకు పగో వాటికి తెలియదు.

తర్వాత ఏమైంది?

1925లో జెనీవాలో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధంలో విషవాయువులు వాడకూడదని అందులో రాసుకున్నారు. అయినా నమ్మకం లేక రెండో ప్రపంచ యుద్ధంలో కూడా గుర్రాలకు ముసుగులు చేసి పెట్టుకున్నారు. జర్మనీ సైన్యం అప్పుడూ లక్షల గుర్రాలను వాడింది. 1993లో ఇంకో గట్టి ఒప్పందం జరిగింది. అది 1997లో అమల్లోకి వచ్చింది. రసాయన ఆయుధాలను వాడడమే కాదు, తయారు చేయడం, దాచుకోవడం కూడా తప్పని ఆ ఒప్పందం చెబుతుంది. మన దేశం కూడా దానిలో చేరింది. తన దగ్గరున్నవాటిని 2009 నాటికి నాశనం చేసింది.

మనకు దీనితో ఏం పని?

మనింట్లో యుద్ధపు గుర్రం లేదు. కానీ ఆవు ఉంది, గేదె ఉంది, మేక ఉంది. విషపు గాలి యుద్ధంలోనే రానక్కర్లేదు.

2020 మే 7. విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం. తెల్లవారుజామున ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే ఆవిరి ఊరి మీదికి వచ్చింది. నిద్రలో ఉన్న మనుషులు లేచి పరుగెత్తారు. కొందరు దారిలోనే పడిపోయారు. ప్రాణాలు పోయాయి. ఆవులు, గేదెలు కూడా చనిపోయాయి.

అలాంటి సమయంలో ఏం చేయాలి? ముందు మీరు, మీ పిల్లలు బయటపడాలి. ఆవిరి వస్తున్న గాలికి ఎదురుగా గానీ, దానితో పాటు గానీ పోకూడదు. అడ్డంగా, పక్కకు పోవాలి. పల్లంలో, గుంటలో ఆగకూడదు. మెరక మీదికి వెళ్లాలి. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుంటే కొంచెం ఓర్చుకోవచ్చు గానీ, దాన్ని నమ్మి అక్కడే ఉండకూడదు. దారిలో పశువు చేతికి అందితే పలుపు విప్పండి, లేదా కొయ్యండి. కట్టు లేకపోతే అది తనంతట తాను పోతుంది. దాని కోసం వెనక్కి మాత్రం పోవద్దు. ముందు మనిషి, తర్వాత గుర్రం అన్న నియమం గుర్తుంది కదా!

చేలో పురుగుమందు కొట్టేటప్పుడూ ఈ పాఠం పనికొస్తుంది. ముక్కుకు చుట్టిన తువ్వాలు దుమ్మును ఆపుతుంది. మందు ఆవిరిని ఆపదు. గాలికి ఎదురుగా నిలబడి కొట్టకూడదు. మందు పడిన గట్టు గడ్డి కోసి పశువుకు వేయకూడదు. మందు కలిపిన బకెట్టుతో కుడితి పెట్టకూడదు.

పశువు తన బాధ చెప్పలేదు. ముసుగు అడగలేదు. ముడి విప్పుకోలేదు. దాని ముక్కు తీరు, దాని ఒళ్లు, దాని భయం తెలిసిన మనిషి ఉంటేనే ఏ రక్షణ అయినా దానికి పని చేస్తుంది. పలుపు ముడి వేసేది మన చేయి. ఆ చేతికి తెలివి కూడా ఉండాలి.

కొత్త మాటలు

కవచం – దెబ్బ తగలకుండా ఒంటికి తొడిగేది
కందకం – సిపాయిలు దాక్కోవడానికి తవ్విన పొడవాటి గొయ్యి
విషవాయువు – పీలిస్తే ప్రాణం తీసే గాలి
కంచర గాడిద – గాడిదకూ గుర్రానికీ పుట్టిన జంతువు
ఒప్పందం – ఇద్దరు గానీ, కొన్ని దేశాలు గానీ కలిసి రాసుకున్న మాట

చెప్పండి

1. క్లోరిన్ వాయువు కందకాల్లోకి ఎందుకు దిగింది?
2. ఆడవాళ్లు కుట్టిన మొదటి మెత్తలు ఎందుకు పని చేయలేదు?
3. గుర్రానికి ముక్కు ఒక్కటే కప్పితే ఎందుకు సరిపోతుంది?
4. ముసుగులో కాన్వాసు ముక్క ఎందుకు పెట్టారు?
5. ముందు మనిషి ముసుగు తొడుక్కోవాలి అన్న నియమం సరైనదేనా? మీరేమంటారు? పక్కవాళ్లతో మాట్లాడండి.

రాయండి

మీ ఇంట్లో పశువులను ఎక్కడ కడతారు? ఆపద వస్తే చీకట్లో కూడా పలుపు త్వరగా విప్పగలరా? అయిదు వాక్యాలు రాయండి.